మనశ్శాంతి అనే మాటలో ‘మనస్సు’ ఏది?

దేవాలయానికి వచ్చే భక్తులను ‘ఏమి కోరి వచ్చారు?’ అని అడిగితే సంతానమనీ, వివాహమనీ, ఉద్యోగమనీ చెప్పేవారు కొందరు. ఏ కోరికా బయటపెట్టక ‘కాస్త మనశ్శాంతి కోసం వచ్చామండీ’ అనేవారు అనేకులు. ఆ రెండవ వర్గం వారి కోసమే ఈ వ్యాసం. శాంతిని కోరేవారు ముందుగా అశాంతి ఎక్కడ ఉన్నదో తెలుసుకోవాలి. నొప్పి ఎక్కడో చెప్పనిదే వైద్యుడు మందు ఇవ్వలేడు కదా!

తెలుగులో ‘మనసు’ అనే ఒక్క మాటతో ఎన్నో పనులు జరుపుకుంటాం. ఇష్టపడితే ‘మనసైంది’ అంటాం. బాధపడితే ‘మనసు విరిగింది’ అంటాం. నిర్ణయం మారితే ‘మనసు మార్చుకున్నాడు’ అంటాం. పగ మిగిలితే ‘మనసులో పెట్టుకున్నాడు’ అంటాం. శ్రద్ధ లేకపోతే ‘మనసు పెట్టడం లేదు’ అంటాం. వ్యవహారంలో ఇది సొగసే కాని, శాస్త్రదృష్టిలో ఈ ఐదూ వేర్వేరు. వాటికి వేర్వేరు పేర్లున్నాయి, వేర్వేరు ఉపాయాలున్నాయి. ఆ పేర్లను సులభంగా వివరించడం నా ఉద్దేశం.

లక్షణం ఎలా ఉండాలి?

ఒక పదార్థాన్ని నిర్వచించడాన్ని తర్కశాస్త్రంలో ‘లక్షణం’ చెప్పడం అంటారు. లక్షణానికి మూడు దోషాలు ఉండకూడదు. పాఠశాలలో మాకు గోవును ఉదాహరణగా చూపించేవారు. ‘గోవు అంటే కపిలవర్ణం కలది’ అంటే తెల్ల ఆవు తప్పిపోతుంది. ఇది అవ్యాప్తి. ‘కొమ్ములు కలది’ అంటే గేదె, మేక కూడా వచ్చి చేరుతాయి. ఇది అతివ్యాప్తి. ‘చీలని ఒంటి గిట్ట కలది’ అంటే ఏ ఆవుకూ కుదరదు. ఇది అసంభవం. ‘గంగడోలు కలది’ అంటే సరిపోతుంది.

మనస్సును గురించి మనం చెప్పుకునే మాటలలో ఎక్కువగా ఉండే దోషం అతివ్యాప్తి. బుద్ధి చేసే పనినీ, చిత్తం చేసే పనినీ, అహంకారం చేసే పనినీ అన్నింటినీ మనస్సుకే అంటగడతాం. తరువాత ‘నా మనసు నా మాట వినదు’ అని నిట్టూరుస్తాం. వినవలసినది ఏదో, చెప్పవలసినది ఏదో తేల్చుకోకపోవడమే ఆ చిక్కుకు మూలం.

అంతఃకరణం: ఒకటే, పేర్లు నాలుగు

కన్ను, చెవి మొదలైనవి బయటి సాధనాలు. లోపలి సాధనానికి అంతఃకరణమని పేరు. వేదాంతులు అది చేసే పనిని బట్టి దానికి నాలుగు పేర్లు పెట్టారు. ఒకే వ్యక్తి వండేటప్పుడు వంటవాడు, చదివేటప్పుడు చదువరి అయినట్లు ఇది.

సంకల్పించేది, సందేహించేది మనస్సు. నిశ్చయించేది బుద్ధి. పూర్వానుభవాన్ని నిలిపి ఉంచుకొని తలచేది చిత్తం. ‘నేను, నాది’ అనుకునేది అహంకారం.

హుండీ ఎదుట నిలబడిన భక్తుణ్ణి చూడండి. ‘వంద వేద్దామా, ఐదువందలు వేద్దామా? అసలు తిరుగు ప్రయాణానికి సరిపోతుందా?’ అని ఊగేది మనస్సు. ‘ఐదువందలు వేయాలి’ అని తేల్చేది బుద్ధి. ‘మా నాన్నగారు నన్ను ఎత్తుకొని ఇక్కడే నా చేత వేయించారు’ అని కన్నులు చెమర్చేటట్లు చేసేది చిత్తం. ‘నేను ఇచ్చాను’ అనేది అహంకారం. ఇదంతా క్షణంలో జరిగిపోతుంది. నాలుగూ కలిసి ఒకటే అన్నట్లు తోస్తుంది.

ఇక్కడ ఒక మాట సవరించుకోవాలి. వాడుకలో అహంకారం అంటే గర్వం. శాస్త్రంలో అలా కాదు. ‘ఇది నేను, ఇది నాది’ అనే అభిమానమే అహంకారమని సాంఖ్యుల నిర్వచనం. ఈ అభిమానం అనే మాటకూ ఇక్కడ ప్రేమ అని అర్థం కాదు. ‘నాకు ఆకలి’ అనుకోవడానికి కూడా అహంకారం కావాలి. కనుక అది ఉండడం దోషం కాదు, అది పరిధి దాటడం దోషం. అన్నదానానికి విరాళమిచ్చిన వ్యక్తి శిలాఫలకం మీద తన పేరు రెండవ వరుసలో పడిందని రాత్రంతా నిద్రపోకపోతే, ఆ ‘నేను’ దేహాన్ని దాటి రాతిపలక దాకా వ్యాపించిందన్నమాట. ఎంత మేరకు వ్యాపిస్తే అంత మేరకు దెబ్బ తగులుతుంది.

అమెరికా దేశపు మనస్తత్త్వవేత్త విలియం జేమ్స్ 1890లో ‘ది ప్రిన్సిపుల్స్ ఆఫ్ సైకాలజీ’ అనే పెద్ద గ్రంథం ప్రకటించాడు. అందులో మనిషి ‘నేను’ అనుకునేది దేహంతో ఆగదనీ, ఇల్లు, వాకిలి, భార్యాబిడ్డలు, కీర్తి, ఆస్తి అన్నీ అందులోకి వస్తాయనీ, అవి పెరిగితే పొంగిపోయి తరిగితే కుంగిపోతాడనీ వివరించాడు. మనవారు అహంకార మమకారాలని జంటగా చెప్పినది ఈ విషయాన్నే.

పగ్గాలు, సారథి

కఠోపనిషత్తులోని రథకల్పన చాలామంది విన్నదే. శరీరం రథం. ఇంద్రియాలు గుర్రాలు. మనస్సు పగ్గం. బుద్ధి సారథి. ఆత్మ రథికుడు. ఈ పోలికలో సామాన్యంగా గమనించని విశేషం ఒకటుంది. మనస్సు రథాన్ని నడిపేది కాదు, పగ్గం మాత్రమే. పగ్గానికి స్వయంగా దిక్కు తెలియదు. సారథి పట్టుకుంటే గుర్రాలను ఆపుతుంది, సారథి వదిలేస్తే గుర్రాల వెంట ఈడ్చుకుపోతుంది.

కాబట్టి ‘మనసు చంచలంగా ఉంది’ అని పగ్గాన్ని తిట్టి ప్రయోజనం లేదు. సారథి మేలుకొని ఉన్నాడా అని అడగాలి. అప్పు తీర్చాలా, ఇల్లు కట్టాలా అని ఆరు నెలలుగా ఊగుతున్న వ్యక్తికి కావలసినది మరొక మంత్రం కాదు. ఒక కాగితం మీద లెక్క వేసుకొని, పెద్దవారితో ఆలోచించి ఒక నిశ్చయానికి రావడం. నిశ్చయం కుదిరిన క్షణంలోనే మనస్సు సగం నెమ్మదిస్తుంది. ఇది బుద్ధి వల్ల కలిగే శాంతి.

ఒక క్షణానికి ఒకే ఎరుక

మనస్సు అనేది అసలు ఉన్నదని ఎలా తెలుసు? దీనికి న్యాయసూత్రకారుడైన గౌతముడు చెప్పిన సమాధానం చక్కనిది. కన్ను తెరిచే ఉంది, చెవి తెరిచే ఉంది, ముక్కు పనిచేస్తూనే ఉంది. అయినా అన్ని జ్ఞానాలూ ఒక్కసారి కలగవు. ఏదో ఒకటే కలుగుతుంది. ఇంద్రియాలకు, ఆత్మకు మధ్య ఒకసారి ఒకదానితోనే కూడగల సాధనం మరొకటి ఉండాలి. అదే మనస్సు. ఎదుట ఉన్నది కనబడకపోవడానికీ, చెప్పినది వినబడకపోవడానికీ మనస్సు వేరొక చోట ఉండడమే కారణమని బృహదారణ్యకోపనిషత్తు కూడా ప్రతిపాదించింది.

ఈ సూత్రాన్ని క్యూలైనులో పరీక్షించవచ్చు. గంటలకొద్దీ నిలబడి, గర్భాలయం ముందుకు వచ్చిన క్షణంలో చెప్పులు ఎక్కడ విడిచామో, ఫోను ఏ కౌంటరులో ఇచ్చామో తలచుకుంటే కన్ను స్వామి మీదనే ఉంటుంది, దర్శనం మాత్రం కాదు. బయటకు వచ్చాక ‘స్వామికి ఈ రోజు ఏ రంగు పట్టు కట్టారు?’ అని అడిగితే జవాబు రాదు.

ఇలా మనస్సు ఒకదానితో కూడి నిలవడాన్ని అవధానం అంటాం. ‘మరి అష్టావధాని ఎనిమిది పనులు ఒకేసారి చేస్తాడు కదా’ అని తెలుగువారికి సందేహం రావడం సహజం. తిరుపతి వేంకట కవుల వంటివారు ఊరూరా మెప్పించిన ఆ విద్య ఈ నియమాన్ని కాదనదు, దానినే ఆశ్రయిస్తుంది. అవధాని సమస్యను పూరించేటప్పుడు సమస్యలోనే ఉంటాడు. నిషిద్ధాక్షరిలోకి వస్తే దానిలోనే ఉంటాడు. విడిచిన చోటును చిత్తంలో చెదరకుండా నిలుపుకొని, మళ్లీ అక్కడి నుంచే అందుకుంటాడు. ఆ నిలుపుకోవడమే ధారణ. అభ్యాసం లేనివారు ఒకేసారి నాలుగు పనులలో వేలుపెడితే మిగిలేది అవధానం కాదు, అలసట.

వృత్తి, సంస్కారం, క్లేశం

పతంజలి మహర్షి చిత్తం అనే మాటను మొత్తం అంతఃకరణానికే వాడతాడు. అందులో లేచే ప్రతి కదలికకూ వృత్తి అని పేరు. వృత్తులు అసంఖ్యాకాలైనా జాతులు ఐదే. ఉన్నది ఉన్నట్లు తెలియడం ప్రమాణం. ఉన్నదానిని మరొకటిగా తెలుసుకోవడం విపర్యయం. వస్తువు లేకపోయినా మాటను బట్టి కలిగే ఊహ వికల్పం. నిద్ర ఒకటి. అనుభవించినది మరవకుండా ఉండడం స్మృతి.

సంసారంలో మన దుఃఖాలను ఈ ఐదింటిలోకి విడదీసి చూడండి. కోడలు తలుపు గట్టిగా వేసిందనేది ప్రమాణం. తన మీది కోపంతోనే వేసిందని అత్తగారు నిశ్చయించుకోవడం, గాలికి పడిన తలుపైతే, విపర్యయం. త్రాడును చూసి పామని బెదరడం వంటిదే ఇది. ‘రేపు నన్ను ఇంటి నుంచి పంపివేస్తారు’ అని ఇంకా పుట్టని రోజును అల్లుకోవడం వికల్పం. పదేళ్ల క్రితం జరిగిన మాట మళ్లీ గుర్తుకు రావడం స్మృతి. ఇన్ని కలిసి ‘మనశ్శాంతి లేదు’ అనే ఒక్క మాటగా బయటకు వస్తాయి. విడదీస్తే మొదటిదానికి మాత్రమే ఆధారం ఉంది.

ప్రతి వృత్తీ పోతూ పోతూ ఒక ముద్రను విడిచిపోతుంది. అదే సంస్కారం. సంస్కారం నుంచి మళ్లీ అదే జాతి వృత్తి పుడుతుంది. పచ్చికలో ఒకసారి నడిస్తే గడ్డి వంగి లేస్తుంది. రోజూ నడిస్తే కాలిబాట పడుతుంది. బాట పడ్డాక కాళ్లు అటే పోతాయి. అలవాటు అంటే ఇదే. ప్రతిరోజూ ఒకే వేళకు దీపం పెట్టమని పెద్దలు చెప్పడంలో ఆంతర్యం కూడా ఇదే. చెడ్డ బాటను తుడిచివేయడం కష్టం. దాని పక్కన మంచి బాట ఒకటి నడిచి నడిచి వేస్తే, పాత బాటలో గడ్డి తనంతట తానే మొలుస్తుంది. అందుకే పతంజలీ, గీతలో శ్రీకృష్ణ భగవానుడూ చిత్తనిగ్రహానికి అభ్యాసం, వైరాగ్యం అనే రెండింటినే ఉపాయాలుగా చెప్పారు.

వృత్తులను వేధింపుగా మార్చే మూలదోషాలు క్లేశాలు. అవిద్య, అస్మిత, రాగం, ద్వేషం, అభినివేశం అని ఐదు. సుఖం రుచి మరిగి దాని వెంటపడేది రాగం. దుఃఖపు గుర్తును పట్టుకొని తిరగబడేది ద్వేషం. బ్రతకాలనే పట్టు అభినివేశం. ఈ చివరిది పండితులకు కూడా తప్పదని పతంజలి స్పష్టంగా చెప్పడం నాకు ఎప్పుడూ ఓదార్పునిస్తుంది. భయపడేవాడు హీనుడు కాడని దీని భావం.

కోపానికి మెట్లు

గీత రెండవ అధ్యాయంలో మనిషి దిగజారే క్రమం మెట్లుగా వర్ణితమైంది. విషయాన్ని పదే పదే తలచడం వల్ల సంగం, సంగం వల్ల కామం, కామానికి అడ్డు తగిలితే క్రోధం, క్రోధం వల్ల సమ్మోహం, దానివల్ల స్మృతి చెదరడం, స్మృతి చెదిరితే బుద్ధి నశించడం, ఆపైన సర్వనాశనం.

అన్నదమ్ములు పొలం గట్టు మీద తగవుపడేటప్పుడు చూడండి. కోపం వచ్చినవాడికి ‘ఇతడు నాతో ఒకే కంచంలో తిన్న తమ్ముడు’ అనే గుర్తు ఉండదు. స్మృతి పోవడమంటే అదే. ఆ తరువాత ఏ మాట అనకూడదో తేల్చే బుద్ధి కూడా ఉండదు. ఈ మెట్లలో క్రోధం దాకా జారినవాణ్ణి ఆపడం కష్టం. మొదటి మెట్టు మీద, అంటే తలపోతలోనే, మళ్లించుకోవడం సులభం. కోపాన్ని అణచుకోవాలని చూసే ముందు, ఉదయం నుంచి దేనిని తలపోస్తున్నామో గమనించాలి.

తలపును ఎటు మళ్లించాలో కూడా పతంజలి చెప్పాడు. సుఖంగా ఉన్నవారిపట్ల మైత్రి, దుఃఖంలో ఉన్నవారిపట్ల కరుణ, పుణ్యాత్ములపట్ల ముదిత, పాపంలో ఉన్నవారిపట్ల ఉపేక్ష. ముదిత అంటే సంతోషం. ఉపేక్ష అంటే వాడుకలో నిర్లక్ష్యం, ఇక్కడ మాత్రం వారి తప్పును మన లోపలికి తెచ్చుకొని మోయకపోవడం. పక్కింటివారి అబ్బాయికి మంచి ఉద్యోగం వస్తే మైత్రి పాటించడం ఏ వ్రతానికీ తక్కువ తపస్సు కాదు.

మనోవ్యాధి పాపఫలమా?

ఇంతవరకు చెప్పినది ఆరోగ్యవంతుల మాట. ఇక అసలు చెప్పదలచినది. కొందరు తల్లిదండ్రులు గదిలో నుంచి బయటకు రాని కుమారుణ్ణి, అకారణంగా ఏడ్చే కుమార్తెను గురించి చెప్పి ‘భక్తి లేక ఇలా అయిందా? ఏ గ్రహం పట్టింది? ఏ పూజ చేయించాలి?’ అని అడుగుతారు. ఈ ప్రశ్నకు శాస్త్రం ఏమి చెబుతుందో విన్నవిస్తాను.

యోగానికి వచ్చే తొమ్మిది అంతరాయాలను పతంజలి లెక్కించాడు. వాటిలో మొదటిది వ్యాధి. పాపమూ కాదు, భక్తిలేమీ కాదు. ఆ అంతరాయాలతో పాటు దుఃఖం, మనస్సు క్రుంగడం, అవయవాలు వణకడం, శ్వాస గతి తప్పడం వస్తాయని కూడా చెప్పాడు. మనస్సుకు వచ్చిన బాధ దేహంలో కనిపిస్తుందని ఆయనకు తెలుసు.

చరకసంహిత మరింత స్పష్టం. చికిత్స మూడు విధాలని చరకుడు చెప్పాడు. హోమం, నియమం, ఉపవాసం, నమస్కారం వంటివి దైవవ్యపాశ్రయం. ఆహారం, ఔషధం యుక్తివ్యపాశ్రయం. అహితమైన విషయాల నుంచి మనస్సును మళ్లించడం సత్త్వావజయం. మూడూ ఒకే చోట, పక్కపక్కన చెప్పబడ్డాయి. ఒకటి చేస్తే మరొకటి మానమని లేదు. ఉన్మాదాన్ని వివరించేచోట అదే గ్రంథం మరొక మాట చెప్పింది. దేవతలు గాని, గంధర్వ పిశాచాదులు గాని మనిషిని ఊరకే పట్టి పీడించరు, రోగానికి వారిని నిందించరాదు. దేవుడికి భయపడి వైద్యుడి వద్దకు వెళ్లనివారు ఈ మాటను మననం చేసుకోవాలి.

సాధారణ దుఃఖానికీ వ్యాధికీ భేదం గుర్తించాలి. ఆప్తుడు పోతే ఏడవడం వ్యాధి కాదు. రెండు వారాలకు పైగా రోజంతా దిగులు, దేనిమీదా ఇష్టం లేకపోవడం, నిద్ర, ఆకలి తప్పిపోవడం, చేతగానివాణ్ణనే భావం వీడకపోవడం ఉంటే వైద్యుణ్ణి సంప్రదించాలి. ‘చనిపోతాను’ అనే మాట నోట వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు, ఆ మనిషిని ఒంటరిగా విడువకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ‘టెలీ మానస్’ సేవకు 14416 నంబరు మీద పగలు, రాత్రి ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. హైదరాబాదులో ఎర్రగడ్డలోను, విశాఖపట్నంలోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ‘ఎర్రగడ్డ’ అనే ఊరిపేరును వెక్కిరింతగా వాడడం మానుకుందాం. ఆ వెక్కిరింతకు జడిసి చికిత్సకు దూరమైన కుటుంబాల ఉసురు మనకు తగులుతుంది.

మందులు వాడుతున్నవారు దీక్ష పేరుతోనో, ఉపవాసం పేరుతోనో వైద్యుణ్ణి అడగకుండా మాత్రలు మానరాదు. ఔషధసేవ వ్రతభంగం కాదు. రోగులకు నియమాలలో సడలింపు ధర్మశాస్త్రాలే ఇచ్చాయి.

ఇంట్లో అటువంటివారు ఉంటే మనం చేయవలసిన మొదటి సేవ వినడం. గీత మొదటి అధ్యాయాన్ని గమనించండి. అర్జునుడి చేతులు వణికాయి, నోరు ఎండింది, విల్లు జారింది. ఆ అధ్యాయమంతటిలో భగవానుడు పలికినది ఒక్క చిన్న వాక్యమే. అర్జునుణ్ణి చివరిదాకా మాట్లాడనిచ్చి, ఆ తరువాతనే ఆయన నోరు విప్పాడు. ఆ విషాదానికి మనవారు యోగమని పేరు పెట్టారు. పురుషోత్తముడే మొదట విన్నప్పుడు, మనం పిల్లల మాట మధ్యలో తుంచి ఉపదేశానికి దిగడం తగదు.

కనుక ఈసారి స్వామి ఎదుట ‘మనశ్శాంతి ఇవ్వు’ అని అడిగేటప్పుడు వివరంగా అడగండి. ఊగిసలాట బాధిస్తుంటే బుద్ధిని ప్రసాదించమనండి. పాత గాయం బాధిస్తుంటే చిత్తానికి కొత్త బాట చూపమనండి. ‘నేను’ అనేది బరువైతే దానిని మోయలేనని విన్నవించుకోండి. వ్యాధి అయితే మంచి వైద్యుణ్ణి, మందు మీద విశ్వాసాన్ని కోరండి. ఆయన వైద్యనాథుడు కూడా. అందరికీ ఆయన అనుగ్రహం కలుగుగాక.